పదమూడేళ్ల హోమ్ థియేటర్ రిసీవర్: మార్చాలా, ఉంచాలా? బందరులో మా ఇంటి లెక్క

గత దసరాకి మా ఇంటికి 55 అంగుళాల 4కే టీవీ వచ్చింది. అది వచ్చిన మర్నాడే దాని కింద అరలో ఉన్న రిసీవర్ ఒక్కసారిగా ముసలిదైపోయింది. 2012లో నాన్న కొన్న 5.1 సెట్ అది. అప్పుడు నేను ఆరో క్లాసు. కొత్త సినిమా టీవీలో వస్తే చాలు, వీధిలో పిల్లలంతా మా హాల్లోనే.

ఇప్పుడు మూడు కంప్లయింట్లు ఒకేసారి వచ్చిపడ్డాయి. ఒకటి, 4కే స్ట్రీమింగ్ స్టిక్‌ని రిసీవర్‌కి పెడితే టీవీలో 4కే రావట్లేదు, కొన్ని సినిమాలకైతే నల్ల స్క్రీనే. రెండు, ఎడమ స్పీకర్ తనకి ఇష్టమైనప్పుడే మోగుతోంది. మూడు, నాన్న సినిమా మధ్యలో లేచి వెళ్లిపోతున్నారు. "ఒక్క ముక్క అర్థమై చావట్లేదురా. బాంబులు మాత్రం బ్రహ్మాండంగా వినపడుతున్నాయి" అంటారు.

మొదటి రెండూ నా బాధలు. మూడోదే ఇంట్లో అసలు బాధ. రోజూ రాత్రి భోజనాలయ్యాక నాన్నా నేనూ కలిసి కూర్చునేది ఆ ఒక్క సినిమా దగ్గరే.

జీతంలోంచి ఏడాదిగా దాచిన 40 వేలు నా దగ్గర ఉన్నాయి. కొత్త రిసీవర్‌ని కార్ట్‌లో పెట్టేశాను కూడా. మూడు కంప్లయింట్లకీ కారణం ఒక్కటే, డబ్బా పాతదైంది అనేది నా తీర్మానం. అది ఎంత తప్పో తెలుసుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో బందరు, గుడివాడ, నాగాయలంక కలిపి మూడు పాత రిసీవర్లు చూశాను. మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఉంటే కార్ట్ నొక్కే ముందు ఇది చదవండి.

ఒక డబ్బాలో రెండు మిషన్లు

రిసీవర్‌ని ఒక వస్తువు అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది. లోపల ఉన్నవి రెండు. స్పీకర్లకి కరెంటు తోసే పవర్ యాంప్లిఫయర్ ఒకటి. హెచ్‌డీఎంఐ సిగ్నల్ తీసుకుని, డాల్బీ, డీటీఎస్ విప్పి, వీడియోని టీవీకి పంపే డిజిటల్ బోర్డు రెండోది. ఈ రెండింటికీ వయసు ఒకేలా పెరగదు. ఇలాంటి రిసీవర్లలో ఎక్కువగా ఉండే క్లాస్ ఏబీ యాంప్లిఫయర్ డిజైన్ దశాబ్దాలుగా పెద్దగా మారలేదు. డిజిటల్ బోర్డు మాత్రం నాలుగైదేళ్లకే వెనకబడుతుంది. మా వైపు భాషలో చెప్పాలంటే, పాత ట్రాక్టరు ఇంజను ఇప్పటికీ దున్నుతుంది, కొత్త ట్రక్కు కొక్కెమే దానికి పట్టదు.

అందుకే "80 వాట్ల నుంచి 100 వాట్లకి వెళ్తున్నాను" అని ఎవరైనా అంటే డబ్బు వృథా అనే చెప్తాను. శబ్దం 3 డెసిబెల్స్ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి. 80 నుంచి 100కి వచ్చే తేడా ఒక్క డెసిబెల్ మాత్రమే, చెవికి తెలిసీ తెలియనంత. మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్ ఒక్క వాట్‌తో మీటరు దూరంలో 85, 87 డెసిబెల్స్ ఇస్తుంది. ఇంట్లో మనం సినిమా చూసే వాల్యూమ్‌లో చాలాసేపు రిసీవర్ వాడేది ఒకటి రెండు వాట్లే. మిగతాదంతా పేలుళ్ల కోసం దాచిన బలం. పైగా డబ్బా మీద వేసే పెద్ద అంకె చాలాసార్లు ఒక్క చానెల్‌కి, ఒక్క ఫ్రీక్వెన్సీలో, 10 శాతం డిస్టార్షన్‌తో కొలిచింది. రెండు చానెళ్లు నడుస్తుండగా 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు కొలిచిన అంకె స్పెక్స్‌లో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చూడాల్సింది అదే.

4కే రాకపోవడం: రిసీవర్ తప్పు కాదు, దారి తప్పు

2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4లో 4కే సెకనుకి 30 ఫ్రేముల వరకే. 2013లో హెచ్‌డీఎంఐ 2.0 వచ్చాక 18 జీబీపీఎస్‌తో 4కే 60 ఫ్రేములు సాధ్యమైంది. 2017లో వచ్చిన 2.1 దాన్ని 48 జీబీపీఎస్‌కి తీసుకెళ్లి 4కే 120, ఈఏఆర్‌సీ, వీఆర్‌ఆర్ తెచ్చింది. మా 2012 డబ్బాది 1.4 కాలం.

అసలు అడ్డం స్పీడు కాదు, కాపీ రక్షణ. ఓటీటీల్లో 4కే సినిమాకి హెచ్‌డీసీపీ 2.2 అనే తాళం ఉంటుంది. స్టిక్ నుంచి టీవీ వరకు దారిలో ఉన్న ప్రతి పరికరం దగ్గరా దాని తాళంచెవి ఉండాలి. మధ్యలో మా రిసీవర్ దగ్గర లేదు. స్టిక్‌కి అనుమానం వచ్చి 1080పీకి దిగుతుంది, లేదంటే స్క్రీన్ నల్లబడుతుంది.

మరి రిసీవర్‌ని మధ్యలో ఎందుకు పెట్టాలి? స్టిక్‌ని నేరుగా టీవీకి పెట్టాను. టీవీలో ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టు నుంచి రిసీవర్ అవుట్‌పుట్ పోర్టుకి ఒక హెచ్‌డీఎంఐ కేబుల్. ఏఆర్‌సీ కూడా 1.4తోనే వచ్చింది కాబట్టి ఆ కాలం రిసీవర్లలో చాలా వాటికి ఉంటుంది, వెనక అవుట్‌పుట్ పోర్టు పక్కన చూడండి. రెండింటిలోనూ సీఈసీ ఆన్ చేయాలి. బొమ్మ టీవీలోనే ఆగిపోతుంది, సౌండ్ మాత్రం వెనక్కి నడిచి రిసీవర్‌కి వస్తుంది.

మొదట నాకు సౌండ్ రాలేదు. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్‌ని "ఆటో" నుంచి "డాల్బీ డిజిటల్"కి మార్చగానే రిసీవర్ ముందు 5.1 లైటు వెలిగింది. ఓటీటీలు పంపేది డాల్బీ డిజిటల్ ప్లస్. పాత రిసీవర్లలో కొన్ని దాన్ని ఏఆర్‌సీ మీద తీసుకోలేవు. టీవీయే దాన్ని పాత డాల్బీ డిజిటల్‌గా మార్చి ఇస్తే గొడవ ఉండదు.

దీనివల్ల పోయింది అట్మాస్. అది నిజమే. అయితే మీ కప్పు కేసి ఒకసారి చూడండి. పైకి చూసే అట్మాస్ స్పీకర్లు శబ్దాన్ని సీలింగ్‌కి కొట్టి మన మీదకి దింపుతాయి. దానికి చదునైన, గట్టి సీలింగ్ కావాలి. మా హాలు బంగళా పెంకుల కప్పు, రెండు వైపులా వాలు. శబ్దం నా మీదకి కాదు, గోడ మీదకి వెళ్తుంది. కప్పులో స్పీకర్లు బిగిద్దామంటే దూలానికి మేకు కొట్టడానికి కూడా అమ్మ ఒప్పుకోదు. అట్మాస్ డబ్బా కొనడం తేలిక, అట్మాస్ వినపడే గది మా దగ్గర లేదు. ఇంకో మాట, ఓటీటీ అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్ మీదే వస్తుంది, అది మామూలు ఏఆర్‌సీలోనూ ప్రయాణిస్తుంది. ఈఏఆర్‌సీ తప్పనిసరి అయ్యేది బ్లూరే డిస్కుల్లో ఉండే ట్రూహెచ్‌డీ లాంటి వాటికి, గేమింగ్‌కి. షాపుల్లో దీన్ని తిరగేసి చెప్తుంటారు.

గుడివాడ బావకి నేనే కొనమన్నాను

మా మేనత్త కొడుకు గుడివాడలో ఉంటాడు. ఆయనది 2014 రిసీవర్. పీఎస్5 ఉంది, 120 హెర్ట్జ్ టీవీ ఉంది, ఇల్లు శ్లాబ్. మా ఇంటి చిట్కానే చెప్పాను: పీఎస్5 నేరుగా టీవీకి, టీవీ నుంచి ఏఆర్‌సీ. వారానికే ఫోన్. "ఏంటి బామ్మర్దీ, వెనక స్పీకర్లు పడుకున్నాయి!"

కారణం ఇదీ. పీఎస్5 మామూలుగా శబ్దాన్ని కంప్రెస్ చేయకుండా లీనియర్ పీసీఎంగా పంపుతుంది. ఏఆర్‌సీలో పీసీఎం రెండు చానెళ్లకి మించి పట్టదు, కాబట్టి 5.1 కాస్తా స్టీరియో అయిపోతుంది. పీఎస్5 సౌండ్ సెట్టింగ్స్‌లో ఫార్మాట్‌ని డాల్బీకి మారిస్తే వెనక స్పీకర్లు లేస్తాయి. కానీ కన్సోల్ శబ్దాన్ని డాల్బీగా చుట్టాలి, రిసీవర్ మళ్లీ విప్పాలి. ఆ చుట్టడం, విప్పడం మధ్య కాస్త ఆలస్యం. సినిమాకి ఫర్వాలేదు. ఆన్‌లైన్ షూటింగ్ గేమ్‌లో వెనక అడుగుల చప్పుడు ఆలస్యంగా వినపడితే మనం అప్పటికే చచ్చి ఉంటాం. టీవీకి ఈఏఆర్‌సీ ఉంది, వాడకం రోజూ రెండు గంటలు, గది అనుకూలం. ఇలాంటి చోట అప్‌గ్రేడ్ విలాసం కాదు. కొన్నాడు, సంతోషంగా ఉన్నాడు.

కొనేటప్పుడు ఒక్కచోట ఆపాను. ఆన్‌లైన్‌లో ఎవరో 2020 మోడల్‌ని సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకి పెట్టారు. 2020 అక్టోబర్‌లో ఒక జర్మన్ కంప్యూటర్ పత్రిక ఓ విషయం బయటపెట్టింది: ఆ ఏడాది వచ్చిన డెనాన్, మరాంట్జ్, యమహా రిసీవర్ల మొదటి బ్యాచ్‌ల్లో వాడిన హెచ్‌డీఎంఐ 2.1 చిప్‌లో లోపం ఉంది, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ నుంచి 4కే 120 హెచ్‌డీఆర్ పెడితే తెర నల్లబడుతోంది. తర్వాత డెనాన్, మరాంట్జ్ ఒక అడాప్టర్ డబ్బా ఉచితంగా ఇచ్చాయి, యమహా బోర్డు మార్చే పథకం పెట్టింది. సెకండ్ హ్యాండ్‌లో దొరికే ముక్కకి ఆ అడాప్టర్ ఉందో లేదో, బోర్డు మార్చారో లేదో అడగకుండా డబ్బు పంపొద్దు. డబ్బా మీద 2.1 అని ఉండటం ఒక ఎత్తు, ఏ పోర్టులో ఎన్ని జీబీపీఎస్ అన్నది ఇంకో ఎత్తు.

నాగాయలంకలో చచ్చిన డబ్బా లేచింది

దివిసీమలో మా పెద్దమ్మ వాళ్ల ఇల్లు. అవనిగడ్డ దాటి నాగాయలంక వెళ్లే దారిలో నాలుగు వైపులా పొలాలే. మే నెలలో ఒక సాయంత్రం గాలివాన, దగ్గర్లోనే పిడుగు. మర్నాటి నుంచి రిసీవర్‌లో హెచ్‌డీఎంఐ ఒక్కటీ పనిచేయదు. పెద్దమ్మ దాన్ని అటక ఎక్కించేసింది.

పిడుగు అనగానే అందరూ కరెంటు ప్లగ్గు పీకుతారు. పెద్దమ్మా పీకింది. కేబుల్ టీవీ వైరు మాత్రం సెట్‌టాప్ బాక్స్‌కి అలాగే ఉంది. ఆ వైరు స్తంభాల మీదుగా ఊరంతా తిరిగి వస్తుంది. దాని వెంట వచ్చిన వోల్టేజీ బాక్సులోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్‌లోంచి రిసీవర్ డిజిటల్ బోర్డులోకి దిగింది. హెచ్‌డీఎంఐ చిప్ చాలా సున్నితం, ముందు పోయేది అదే. ప్లగ్గుతో పాటు ఆ వైరు కూడా తీయాలి. పుణెలోని ఐఐటీఎం చేసిన దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగుల గురించి ముందే చెప్తుంది. నేను పెద్దమ్మ ఫోన్‌లో వేసిచ్చాను.

అటక మీంచి దింపి చూస్తే యాంప్లిఫయర్ శుభ్రంగా ఉంది. వెనక ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంది. ఆప్టికల్ అంటే వెలుతురు, రాగి తీగ కాదు కాబట్టి ఆ దారిన మళ్లీ పిడుగు కూడా రాదు. రెండు వందల కేబుల్‌తో టీవీ ఆప్టికల్ అవుట్ నుంచి కలిపాను. డాల్బీ డిజిటల్ 5.1 వచ్చేసింది. ఆప్టికల్‌లో డాల్బీ డిజిటల్ ప్లస్ పోదు, అట్మాస్ పోదు, సీఈసీ ఉండదు కాబట్టి రెండు రిమోట్లు. కొన్ని టీవీలు బయట పెట్టిన బాక్సు శబ్దాన్ని ఆప్టికల్‌లో స్టీరియోగానే ఇస్తాయి, టీవీ లోపలి యాప్‌లకే 5.1 ఇస్తాయి. పెద్దమ్మ అభ్యంతరం రెండు రిమోట్ల గురించే. "ఒకటి పిల్లి ఎత్తుకెళ్తే?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మోగీ మోగని ఎడమ స్పీకర్

మా ఇంటికి మంగినపూడి బీచ్ పది పదకొండు కిలోమీటర్లు. ఉప్పు గాలి ఎవరినీ వదలదు. స్పీకర్ వైరు కొస చూస్తే రాగి పచ్చబడి ఉంది, చిలుము. ముందు అర అంగుళం కోసేసి కొత్త రాగి బయటికి తీసి బిగించాను. చాలా ఇళ్లలో ఈ అయిదు నిమిషాల పనితోనే సమస్య పోతుంది. మాది చిలకలపూడి, రోల్డ్ గోల్డ్ నగలకి పేరున్న చోటు. బంగారు పూత కనెక్టర్ అనగానే సౌండ్ మారుతుందని ఇక్కడ ఎవరూ మోసపోరు. కానీ సముద్రం పక్కన ఆ పూతకి అసలైన పని ఒకటుంది: చిలుము పట్టనివ్వదు. అందుకోసం పది రూపాయలు ఎక్కువ పెట్టొచ్చు.

మా ఎడమ స్పీకర్ దానికీ లొంగలేదు. అప్పుడు చేయాల్సిన పరీక్ష ఇది. పవర్ ఆపి, రిసీవర్ వెనక ఎడమ వైరుని కుడి టెర్మినల్‌కి, కుడిది ఎడమకి మార్చండి. మళ్లీ అదే స్పీకర్ మూగబోతే తప్పు వైరుదో, స్పీకర్‌దో. ఈసారి రెండో స్పీకర్ మూగబోతే తప్పు రిసీవర్ ఎడమ చానెల్‌ది. మాకు రెండోదే జరిగింది. ఇంకో గుర్తు కూడా ఉంది: తక్కువ వాల్యూమ్‌లో పోయిన శబ్దం, వాల్యూమ్ ఒక్కసారి పెంచగానే టక్కున వచ్చేది. రిసీవర్ ఆన్ చేసిన కొన్ని సెకన్లకి లోపల "టిక్" మంటుంది చూశారా, అదే స్పీకర్ రిలే. దాని కాంటాక్టులు ఏళ్ల తరబడి తేమకి మసిబారితే చిన్న సిగ్నల్ దాటలేదు, పెద్ద సిగ్నల్ తోసుకుని పోతుంది.

మూత మీరు విప్పకండి. ప్లగ్గు తీసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. కోనేరు సెంటర్ దగ్గర పాత యాంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్ గారికి ఇచ్చాను. రెండు రిలేలు, కూలీ కలిపి ఏడు వందలు. లోపల బల్లి గుడ్లు కూడా దొరికాయి, వాటికి ఛార్జి చేయలేదు. కెపాసిటర్లు ఉబ్బాయేమో చూడమని అడిగాను. బాగానే ఉన్నాయన్నారు గానీ తిట్టారు కూడా. "అద్దాల షోకేసులో పెట్టి ఊపిరాడకుండా చేశారు. పైన జానెడు జాగా ఉండాలి బాబూ." నిజమే. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కి పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సుమారు సగం అవుతుంది. ఇప్పుడు దాన్ని అరలోంచి బయటికి తీసి బల్ల మీద పెట్టాం.

"మాటలు అర్థం కావట్లేదు"

ఇక అసలు కంప్లయింట్. ఎక్కువ రోజులు పట్టింది దీనికే, ఎక్కువ నేర్చుకున్నదీ దీనిలోనే.

5.1లో మాటలు దాదాపు అన్నీ మధ్య స్పీకర్‌లోంచి వస్తాయి. కాబట్టి డైలాగ్ సమస్య అంటే ముందు సెంటర్ చానెల్ చూడాలి. మొదట కనపడింది సిగ్గుపడాల్సిన తప్పు. రిసీవర్ ఎప్పటినుంచో "ఆల్ చానెల్ స్టీరియో" మోడ్‌లో ఉంది. చిన్నప్పుడు పాటలకి బాగుంటుందని నేనే పెట్టి ఉంటాను. ఆ మోడ్‌లో అన్ని స్పీకర్లూ అదే శబ్దం వాయిస్తాయి, మాట అయిదు దిక్కుల నుంచి కొద్దికొద్ది తేడాతో చెవికి చేరి కలగాపులగం అవుతుంది. 5.1 సినిమాకి డాల్బీ డిజిటల్, స్టీరియో చానెళ్లకి ప్రో లాజిక్ 2 మూవీ మోడ్ పెట్టాను. ప్రో లాజిక్ స్టీరియోలోంచి మాటని ఏరి మధ్యకి తెస్తుంది.

రెండోది జాగా. సెంటర్ స్పీకర్ మోకాలి ఎత్తు అరలో, లోపలికి తోసి ఉంది. మాట మా మోకాళ్లకి వినపడుతోంది. వడ్రంగి చేత అయిదు వందలకి వాలు స్టాండు చేయించి, అర అంచుకి లాగి, చెవి వైపు తిరిగేలా పెట్టాను.

మూడోది గది. గ్రానైట్ నేల, ఉత్త గోడలు. హాలు మధ్యలో నిలబడి ఒక చప్పట్టు కొట్టండి. వెనకే "ట్రింగ్" అని తోక వినపడితే మాటల మీద కూడా అదే తోక పడుతోందని అర్థం. సోఫా ముందు మందపాటి జంపఖానా పరిచాను, కిటికీలకి బరువైన కర్టెన్లు. తోక బాగా తగ్గింది.

నాలుగోది లెవెళ్లు. సెటప్ మైకు ఎప్పుడో పోయింది. వేరే కంపెనీ మైకు పెట్టకండి, ఒక్కో కంపెనీ తన మైకుకే సరిచేసుకుంటుంది. టేపుతో దూరాలు కొలిచి ఎంటర్ చేశాను. టెస్ట్ టోన్ పెట్టి, నాన్న కూర్చునే చోట ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్‌తో అయిదు స్పీకర్లనీ సమం చేశాను. ఫోన్ చెప్పే అంకె కచ్చితం కాకపోయినా ఒకదానితో ఒకటి పోల్చడానికి చాలు. సెంటర్ మిగతావాటికన్నా 4 డెసిబెల్స్ తక్కువ ఉంది! సమం చేసి, ఆపై ఇంకో 3 పెంచాను. రాత్రిళ్లు డైనమిక్ రేంజ్ కంప్రెషన్ ఆన్ చేస్తే బాంబులు తగ్గి గుసగుసలు పెరుగుతాయి.

అమ్మ "ఎంత స్పష్టంగా ఉందో" అంది. నాకూ పెద్ద తేడా. నాన్న ఇరవై నిమిషాలు చూశారు, "కొంచెం నయం" అన్నారు, లేచి వెళ్లారు.

ఆ రాత్రి మళ్లీ కార్ట్ తెరిచాను. కొత్త రిసీవర్లలో డైలాగ్ ఎన్‌హాన్సర్ లాంటి బటన్లు ఉంటాయి. మనిషి మాట స్పష్టంగా ఉండే ఫ్రీక్వెన్సీలని అవి పైకి లేపుతాయి. మా పాతదాంట్లో సెంటర్‌కి ఈక్వలైజర్ ఉంది కదా, ముందు దానితో ప్రయత్నిద్దామని 2 కిలోహెర్ట్జ్, 4 కిలోహెర్ట్జ్ పట్టీలు పెంచాను. అమ్మ చెవులు మూసుకుంది, గీసినట్టుందంటూ. నాన్న మొదటిసారి "ఆ, ఇప్పుడు బాగుంది" అన్నారు.

ఒకే గది, ఒకే స్పీకర్, ఇద్దరికి రెండు రకాలు. అప్పుడు వెలిగింది. ఫోన్‌లో టోన్ జనరేటర్ తీసి, 500 హెర్ట్జ్ నుంచి మెల్లగా పెంచుతూ పోయాను. నాకు ఇంకా గట్టిగా కుడుతున్న 4 కిలోహెర్ట్జ్ దగ్గర నాన్న "ఆపేశావా?" అని అడిగారు.

వయసుతో వచ్చే వినికిడి తగ్గుదల ముందు పై ఫ్రీక్వెన్సీలని తినేస్తుంది. అచ్చులు కింద ఉంటాయి, బలంగా ఉంటాయి. హల్లుల తేడాలు ఎక్కువగా పైన ఉంటాయి, బలహీనంగా ఉంటాయి. పాప, తాత, కాక అనే మాటలు తీసుకోండి. మూడింట్లోనూ "ఆ", "అ" అవే, తేడా అంతా ప, త, క లోనే. ఆ పై భాగం చెవికి అందకపోతే మూడూ ఒకటే మాట. అందుకే ఇలాంటివాళ్లు "వినపడట్లేదు" అనరు, "అర్థం కావట్లేదు" అంటారు. నాన్న మొదటిరోజు నుంచీ అన్నమాట అదే. నేనే దాన్ని రిసీవర్ స్పెక్స్‌గా విన్నాను. వాల్యూమ్ పెంచితే బాంబులు పెరుగుతాయి తప్ప మాట పెరగదు.

ఫోన్ టోన్ పరీక్ష వైద్యం కాదు, అనుమానం తీర్చుకోవడానికి మాత్రమే. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానంటే నాన్న కోప్పడ్డారు. "నాకేం చెవుడా? నీ డబ్బా బాగుచేయించుకోలేక నా చెవుల మీద పడ్డావు." మూడు వారాలు బతిమాలాక అమ్మ కోసం అన్నట్టుగా వచ్చారు. ఆడియోగ్రామ్ గీత 1000 హెర్ట్జ్ దాకా బాగానే నడిచి, 2000 దగ్గర వంగి, 4000 దగ్గర జారిపోయింది. రెండు చెవులూ అంతే. హియరింగ్ ఎయిడ్స్ పెడితే మంచిదన్నారు, ఆలస్యం చేస్తే అలవాటు పడటం కష్టమని కూడా చెప్పారు.

రెండు చెవులకీ కలిపి బేసిక్ మోడలే నా 40 వేలు దాటింది. కార్ట్ ఖాళీ చేశాను.

రిసీవర్ మీద మొత్తం ఖర్చు: రిలేలు ఏడు వందలు, హెచ్‌డీఎంఐ కేబుల్ నాలుగు వందలు, స్టాండు అయిదు వందలు. జంపఖానా, కర్టెన్లు అమ్మ లెక్కలో పోయాయి. అది ఇంకో మూడేళ్లు నడుస్తుందని మెకానిక్ గారి అంచనా. ఈలోగా కప్పు మార్చి శ్లాబ్ వేస్తే, లేదా నేనొక కన్సోల్ కొంటే అప్పుడు బావ లెక్క నాకూ వర్తిస్తుంది. అప్పటికి ఈఏఆర్‌సీ ఉన్న మోడళ్లు సెకండ్ హ్యాండ్‌లో ఇంకా దిగుతాయి కూడా.

నాన్న ఎయిడ్స్ పెట్టుకుని ఇవాళ్టికి పదకొండు రోజులు. మొదటి వారం ఫ్యాను చప్పుడు, పళ్లెం చప్పుడు, అమ్మ గాజుల చప్పుడు, అన్నీ ఎక్కువే ఆయనకి. రోజుకి రెండు గంటలే పెట్టుకుంటున్నారు, ఆ రెండు గంటలూ రాత్రి సినిమాకే దాచుకుంటున్నారు. నిన్న రాత్రి సెంటర్ ఈక్వలైజర్ పట్టీలు మళ్లీ సున్నాకి దించమన్నారు. గీస్తోందట.